పది గోలులకు ఎదురొక్కటి

ఫుట్‌బాలు వీరుల పేర్లు చెప్పుడనిన మన విద్యార్థులు జర్మనీ దేశపు క్లోజేను తప్పక పేర్కొందురు. ప్రపంచ కప్పు పోటీలలో 16 గోలులు చేసిన వానిని మెచ్చుట ఉచితమే. కాని, ఈ బెంగుళూరుననే 1926లో జన్మించి, 2017లో కీర్తిశేషుడైన అహమ్మద్ ఖాన్‌ను ఎరుగకుండుట విచారకరము.

ఆయన 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మన దేశమునకు ఆడెను. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణము గెలిచిన జట్టులో ఆయన యొకడు. కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టున ఆయనను, అప్పారావును, సాలేను, వెంకటేశ్‌ను, ధనరాజ్‌ను జనులు ‘పంచపాండవు’లనిరి. అప్పారావు మన తెలుగువాడు. ఐదుగురును దక్షిణాదివారే, వంగభాష ఎవరికిని మాతృభాష కాదు. అయినను వారి జట్టు 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచెను. ఆట నెరిగినవానిని పరాయివాడని త్రోసిపుచ్చిన ఊరు కాదది.

అయితే నాకు విజయములకంటె ఒక పరాజయమే మిన్నగా తోచును. హెల్సింకీలో యుగోస్లావియా మనపై 10 గోలులు చేసెను. ఆట ముగియవచ్చిన వేళ మన పక్షమున ఏకైక గోలు చేసినవాడు అహమ్మద్ ఖాన్. దానివలన ఓటమి తప్పలేదు. కాని లెక్క చూచి ఆయన ఆట మానలేదు.

బాలబాలికలారా! ఈ నగరమున తెలుగు తరగతులలో మీరు కొద్దిమందియే. సంఖ్య స్వల్పమని చదువు సడలించుట తగదు. చివరి గంట మ్రోగువరకు ఆడవలసినదే.