కంచానికి పొయ్యి ఎందుకు?

మీ బడిలో కంప్యూటర్ల గది ఉందా? ఉంటే ఒకసారి దాని మూలల్లోకి చూడండి. దుమ్ము పట్టిన పాత ల్యాప్‌టాప్‌లు రెండో మూడో కనిపించవచ్చు. “అవి పనిచెయ్యవు” అని ఎవరైనా చెబితే అక్కడితో ఊరుకోకండి. “వాటిలో ఏ భాగం పనిచెయ్యదు?” అని అడగండి. విజ్ఞానశాస్త్రం మొదలయ్యేది ఇలాంటి ప్రశ్నతోనే.

ల్యాప్‌టాప్ అంటే ఒక్క వస్తువు కాదు. తెర, కీబోర్డు, లెక్కలు చేసే ప్రాసెసర్, పని జరుగుతున్నంతసేపూ సమాచారం పెట్టుకొనే ర్యామ్, కరెంటు పోయినా సమాచారాన్ని దాచి ఉంచే హార్డ్ డిస్కు, బాటరీ - ఇన్ని కలిస్తే ల్యాప్‌టాప్. వీటిలో తరచుగా ముందు పాడయ్యేవి బాటరీ, లోపల పళ్లెం గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. తక్కినవి చాలాసార్లు బాగానే ఉంటాయి. ట్యూబు పంక్చరైందని సైకిల్ను పారేస్తామా?

కొన్ని యంత్రాలకైతే ఏ భాగమూ చెడిపోదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. దాని తరువాతి విండోస్ 11ను నిబంధనల ప్రకారం ఎక్కించడానికి చాలా పాత యంత్రాలు సరిపోవు. అంటే నిన్నటిదాకా నడిచిన యంత్రానికి ఇవాళ “పాతది” అని పేరు పడింది!

సరే, హార్డ్ డిస్కు లేని ల్యాప్‌టాప్‌ను ఎలా నడిపిస్తారు? దీనికి చక్కని ఉపాయం ఉంది.

మీ బడిలో మధ్యాహ్న భోజనం సంగతి ఆలోచించండి. వంటగది ఒక్కటే. కంచాలు వంద. ఏ కంచం కిందా పొయ్యి ఉండదు. వంట ఒకచోట జరుగుతుంది, కంచంలోకి అన్నం వస్తుంది. కంప్యూటర్ల గదిలో కూడా ఒక్క బలమైన కంప్యూటర్ను వంటగదిగా, పాత ల్యాప్‌టాప్‌లను కంచాలుగా చేయవచ్చు. ఆ వంటగది పేరు సర్వర్. ఆ కంచం పేరు థిన్ క్లయింట్. మీరు కీబోర్డు మీద నొక్కిన అక్షరం కేబుల్ గుండా సర్వర్‌కు వెళుతుంది. పనంతా అక్కడే జరుగుతుంది. ఫలితం బొమ్మగా మీ తెర మీదికి తిరిగి వస్తుంది.

ఇది కొత్త ఊహ కాదు. 1961లోనే అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే కంప్యూటర్ను కొందరు ఒకేసారి వాడుకొనే పద్ధతిని చేసి చూపించింది. అప్పట్లో కంప్యూటర్ చాలా ఖరీదైనది కాబట్టి పంచుకున్నారు. మనం పారవేయడం ఖరీదైనది కాబట్టి పంచుకుందాం.

ఇక డిస్కు లేని యంత్రం ఎలా మేలుకొంటుందో చూడండి. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రాం మొదలవుతుంది. “ముందు నెట్‌వర్కులో వెతుకు” అని దానికి ముందే చెప్పి ఉంచాలి. అప్పుడది కేబుల్ గుండా “నా చిరునామా ఏమిటి? నేనేం తెచ్చుకోవాలి?” అని అందరికీ వినిపించేలా కేక వేస్తుంది. సర్వర్ దానికి ఒక చిరునామా ఇచ్చి, ఫలానా ఫైలు తీసుకో అంటుంది. ల్యాప్‌టాప్ ఆ చిన్న ఫైలును, దాని వెంట లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌ను తన ర్యామ్‌లోకి తెచ్చుకొంటుంది. ఆ తరువాత సర్వర్ డిస్కునే తన డిస్కులా వాడుకొంటుంది. ఈ పద్ధతిని పి.ఎక్స్.ఇ. అంటారు. 1990ల చివర్లో ఇంటెల్ సంస్థ దీన్ని రూపొందించింది.

బడులలో ఇలాంటి ఏర్పాటుకు పనికివచ్చే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్ 1999లో మొదలైంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. దాని కొత్త రూపంలో ల్యాప్‌టాప్ కాస్త గట్టిదైతే సర్వర్ సరుకులు మాత్రం పంపుతుంది, ల్యాప్‌టాప్ తన ప్రాసెసర్‌తో తానే వండుకొంటుంది. మరీ బలహీనమైనదైతే సర్వర్‌లో వండిన వంటను దూరం నుంచి తెర మీద చూపించే ప్రోగ్రాం వాడాలి.

మరి చిక్కులు లేవా? ఉన్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. వంటగది మూతపడితే అందరికీ పస్తే. సర్వర్ ఆగితే గది అంతా ఆగుతుంది. కాబట్టి దానికి యు.పి.ఎస్. ఉండాలి, ఫైళ్లకు మరో నకలు ఉండాలి. రెండవది, వీడియో వంటివి చూడాలంటే క్షణక్షణం బొమ్మలు ప్రవహించాలి. ఇరవైమంది ఒక్కసారి చూస్తే నెట్‌వర్కు తట్టుకోలేకపోవచ్చు. మూడవది, చాలా పాత 32 బిట్ల యంత్రాలకు దారి ఇరుకైపోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి స్థాపించే ఏర్పాటు తీసివేశారు. నాలుగవది, వైఫైతో ఈ పని సాధారణంగా కుదరదు, కేబుల్ కావాలి. అయితే కేబుల్ పెట్టే రంధ్రం నేటి పల్చని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లేదు. పాతవాటికి ఉంది. ఇక్కడ ముసలివే మేలు!

ఇన్ని చిక్కులున్నా ఈ ప్రయత్నం చెయ్యాలనే నేనంటాను. ఎందుకంటారా? ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయింది. అందులో సరిగా సేకరించి మళ్లీ వాడుకలోకి తెచ్చినట్టు లెక్క తేలింది 22.3 శాతం మాత్రమే. తక్కిన దానిలో కొంత, మీ వయసు పిల్లలుండే పేటల్లోనే తీగలు కాల్చి రాగి తీసే మంటల్లోకి పోతోంది. ఆ పొగ పీల్చేది ల్యాప్‌టాప్ వాడినవారు కాదు.

మరొక లాభం కూడా ఉంది. కొత్త యంత్రం కొంటే దాన్ని వాడటం నేర్చుకుంటారు. పాతదాన్ని లేపితే అది ఎలా పనిచేస్తుందో నేర్చుకుంటారు. ముగ్గురు పిల్లలకు ఒక కంప్యూటర్ ఉన్నచోట ఒక్కొక్కరికి ఒక్కొక్కటి వస్తే, వెనక నిలబడి చూసే పిల్ల ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క కుర్చీ కోసమైనా ఈ శ్రమ దండగ కాదు.

కాబట్టి రేపు మీ కంప్యూటర్ టీచరుగారితో మాట్లాడండి. బాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోకండి, పెద్దలకు చెప్పండి. మంచి యంత్రం ఒకటి, పాతది ఒకటి, కేబుల్ ఒకటి తీసుకొని మొదలుపెట్టండి. ఒక్క కంచంలో అన్నం పడితే, తక్కిన కంచాల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.