వాషబుల్ చొక్కా, మామిడి సొన

నూజివీడు తోటల్లో కోత మొదలైతే చొక్కాకు పరీక్షే. చిక్కం గెడతో చిన్నరసం కాయను దించి తొడిమ విరవగానే సొన చిమ్ముతుంది. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. ఒంటిమీద పడితే పొక్కుతుంది. బట్టమీద పడి ఆరితే నల్లటి మరక, ఓ పట్టాన పోదు.

ఆ చొక్కా కాలరు వెనక చీటీ మీద మాత్రం ‘వాషబుల్’ అని ఉంటుంది. కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. తప్పు చొక్కాది కాదు, మాటది. ఇంగ్లిషులో ఈ ఒక్క విశేషణమే రెండు పనులు చేస్తుంది. చొక్కా వాషబుల్ అంటే ఉతికినా బట్ట పాడవదని. పిల్లల స్కెచ్ పెన్ను వాషబుల్ అంటే ఉతికితే దాని మరక పోతుందని. ఉండేదానికీ పోయేదానికీ ఒకటే పేరు!

తెలుగుకు ఈ తికమక లేదు. బట్టను ఉతకవచ్చంటాం, మరక పోతుందంటాం. పైగా పనికో మాట ఉంది: బట్టలు ఉతుకుతారు, గిన్నెలు తోముతారు, కాళ్లు కడుక్కుంటారు, సబ్బు పోయేదాకా జాడిస్తారు. ఇన్ని మాటలున్నచోట చీటీ ఇంగ్లిషులో, లేదంటే బొమ్మల్లో. నీళ్ల తొట్టి బొమ్మలో 30 అంకె ఉంటే నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటకూడదు. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టిని కొట్టేస్తే అసలు ఉతకనే కూడదు. ఇవన్నీ ఎవరు చెప్పారు గనక!

తెలుగునాట అమ్మే బట్టమీద ‘నీళ్లలో ఉతకవచ్చు’ అని రెండు మాటలు అచ్చువేయడం కంపెనీలకు పెద్ద పనేం కాదు. కొనేవాళ్లు దుకాణంలో గట్టిగా అడగాలి. ఈలోగా తోటకు వెళ్లేవాళ్లు పాత చొక్కా వేసుకెళ్లడమే మేలు.