పాప చేతికి రాని గ్లౌజు

పోయిన శనివారం సాయంత్రం మా బోగోలు మండలంలోని ఒక హైస్కూలు గ్రౌండు గట్టున కూర్చుని ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ చూశాను. అప్పట్నుంచీ కడుపు రగులుతూనే ఉంది. ఈ వారం రొయ్యల మేత ధరల గురించి రాద్దామని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. వాటిని పక్కన పెట్టేసి ఇదే రాస్తున్నాను.

ఏడో తరగతి పిల్ల. జువ్వలదిన్నె వైపు నుంచి వస్తుంది, తండ్రి సముద్రం మీద వేటకు పోతాడు. పిల్లది ఎడమచేతి వాటం. నేల మీద దూసుకొచ్చిన బంతిని పరుగున పోయి, ఒంగి, ఒడుపుగా ఆపింది. ఆపిన చెయ్యి ఎడమది, గ్లౌజు ఉన్నదీ ఆ చేతికే, విసరాల్సిందీ ఆ చేత్తోనే. ఏం చేస్తుంది? కుడిచేత్తో బంతి తీసుకుంది, గ్లౌజును కుడి చంకలో ఇరికించి ఎడమ చెయ్యి లాక్కుంది, బంతిని ఆ చేతిలోకి మార్చుకుని విసిరింది. విసురు బాణంలా పోయింది. అప్పటికే అవతలి జట్టు పిల్ల రెండో బేస్ మీద నిలబడి రిబ్బను సర్దుకుంటోంది. గట్టు మీదున్న మగపిల్లలు గొల్లున నవ్వారు. పిల్ల తల దించుకుని గ్లౌజు మళ్లీ తొడుక్కుంది.

ఆట అయ్యాక దగ్గరికి పిలిచి అడిగాను.

"నీ చేతికి సరిపోయే గ్లౌజు లేదా పాపా?"

"లేదు తాతా. సంచిలో ఉండేవన్నీ ఒక చేతివే. కుడిచేత్తో ఇసరటం నేర్చుకోమన్నారు సారు."

నేర్చుకోమన్నారు! ఆ మాట వినగానే నా వేళ్ల కణుపులు సలిపాయి. మా చిన్నప్పుడు ఎడమచేత్తో బలపం పట్టుకుంటే స్కేలు నిలువునా తిప్పి కణుపుల మీద కొట్టేవాళ్లు. నాకూ పడ్డాయి. ఇంట్లో మా జేజి పుర్రచెయ్యి పుర్రచెయ్యి అంటూ అన్నం తినేటప్పుడు నా ఎడమచేతిని తన కొంగుతో కట్టేసేది. ఆమె ప్రేమగానే కట్టింది, పంతులు నా మంచి కోరే కొట్టాడు. ఇద్దరి మంచితనం మధ్యా నా చేతిరాత ఈనాటికీ కుదురుకోలేదు. నూటికి పదిమంది దాకా ఎడమచేతి వాటంతో పుడతారు. పదహారు మంది జట్టు అంటే సగటున ఒకళ్లో ఇద్దరో ఉంటారన్న మాట. వాళ్లు ఉంటారని సామాను కొనేవాడికి తెలియకపోవడం ఏమిటి? తెలియక కాదు, లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క పిల్ల కోసం వేరే గ్లౌజు ఎందుకులే అనుకున్నారు. ఆ ఒక్క పిల్లకి ఉన్నది ఒక్క బాల్యమే. స్కేలు దెబ్బలు పోయాయని సంతోషిస్తున్నాం గానీ, సంచిలో గ్లౌజు లేకపోవడం కూడా ఆ దెబ్బ లాంటిదే.

ఇందులో ఇంకో చిక్కుంది, కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది. సాఫ్ట్‌బాల్ గ్లౌజు విసిరే చేతికి కాదు, రెండో చేతికి తొడుక్కోవాలి. ఎడమచేత్తో విసిరే పిల్లకి కుడిచేతికి పట్టే గ్లౌజు కావాలి. పెట్టె మీద "ఎల్‌హెచ్‌టి" అని ఉంటే ఎడమచేత్తో విసిరేవాళ్లదని అర్థం. కౌంటరు దగ్గర "లెఫ్ట్ గ్లౌజు ఇవ్వండి" అంటే దుకాణం అబ్బాయి ఎడమచేతికి తొడిగేది తీసిస్తాడు. పొరపాటు అతనిది కాదు, మాటది. ఆ మాట తిరకాసు నాకూ తెలియదు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి మనవరాలు వీడియో కాల్‌లో చెప్పింది. దానికీ ఈ పిల్లకీ ఒకటే ఈడు. దానికి సొంత గ్లౌజు, సొంత హెల్మెట్, తన ఎత్తుకు తగిన ముప్ఫై అంగుళాల బ్యాటు, వాటన్నిటికీ ఒక సంచి. జట్టులో చేర్చే ముందు కోచ్ దాని చెయ్యి కొలిచాడట. ఇక్కడ మనం పిల్లల్ని కొలవం, కొటేషన్లని కొలుస్తాం.

ఈ ఆట పేరే మనల్ని మోసం చేస్తోందని నా అనుమానం. సాఫ్ట్ అన్నారు కదా, మెత్తగా ఉంటుందిలే, పిల్లలకేం కాదులే అనుకుంటారు. 1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు నిజంగానే మెత్తన. ఒక క్లబ్బులో పాత బాక్సింగ్ గ్లౌజును చుట్టచుట్టి తాడుతో కట్టి బంతిగా చేసుకున్నారు, చీపురు కర్రతో కొట్టారు. తర్వాత్తర్వాత బంతిలోపల బూరుగుదూది కూరారు, ఇప్పుడు ఎక్కువగా గట్టి పాలీయూరిథేన్ గుండు ఉంటోంది. పెద్ద సైజు బంతి చుట్టుకొలత పన్నెండు అంగుళాలు, బరువు సుమారు 180 నుంచి 200 గ్రాములు. క్రికెట్ బంతి 163 గ్రాములకు మించదు. అంటే మనం భయపడి ప్యాడ్లు కట్టుకునే బంతి కన్నా ఇదే బరువు. పైగా క్రికెట్‌లో వికెట్ల మధ్య 66 అడుగులుంటే, సాఫ్ట్‌బాల్‌లో ఆడవాళ్లకు బంతి విసిరే చోటి నుంచి బ్యాటు పట్టుకున్న మనిషికి 43 అడుగులే. చెయ్యి గిర్రున తిప్పి కింది నుంచి వదిలిన బంతి రెప్పపాటులో మొహం ముందుకొస్తుంది. పదేళ్ల లోపు పిల్లలకు అమెరికాలో పదకొండు అంగుళాల చిన్న బంతి ఇస్తారు, దూరం కూడా తగ్గిస్తారు. మనం మాత్రం ఆరో తరగతికీ ఇంటర్ పిల్లలకూ ఒకే బంతి ఇస్తున్నాం.

కాబట్టి డబ్బు తక్కువున్నప్పుడు ముందు దేనికి పెట్టాలంటే, హెల్మెట్‌కి, గ్లౌజుకి, బ్యాటు పట్టుకున్న మనిషి వెనక కూర్చునే క్యాచర్ ముసుగుకీ ఛాతీ కవచానికీ కాలి కవచాలకీ. బ్యాటు ఆ తర్వాత. మనవాళ్లు తిరగేసి చేస్తారు. తళతళలాడే బ్యాట్లు నాలుగు కొని ఫొటో తీయించుకుంటారు, హెల్మెట్లు మాత్రం ఒకటో రెండో ఉంటాయి. శనివారం నేను చూసిన జట్టుకు ఒకే హెల్మెట్ ఉంది. ఒకళ్లు అవుటై రాగానే ఇంకొకళ్లు, చెమట ఆరకముందే తొడుక్కుంటున్నారు. ఆ హెల్మెట్ ఏ ఒక్క పిల్లకీ సరిగా దిగలేదు. ఎందుకో గట్టు మీద నుంచి అర్థం కాలేదు. దగ్గరికి పోయి చూశాను. జడలు! మన స్కూళ్లలో ఆడపిల్లలు రెండు జడలు వేసి, పైకి మడిచి, చెవుల పక్కన రిబ్బన్లతో కట్టుకోవాలి. ఆ రెండు మడతల మీద హెల్మెట్ కొలువు తీరి, నెత్తికీ దానికీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు మిగులుతోంది. పరుగెత్తితే కళ్ల మీదికి జారుతోంది. పిల్ల ఒక చేత్తో హెల్మెట్ పట్టుకుని పరుగెత్తింది. వెనక జడ బయటికి వచ్చే సందుతో ఆడపిల్లల కోసం హెల్మెట్లు తయారవుతున్నాయి. అవి దొరక్కపోతే ఆట రోజున ఒకే జడ వేసుకు రమ్మంటే పోయే. దానికి ఖర్చేముంది?

బ్యాటు సంగతి చెప్పకపోతే నా మనసూరుకోదు. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు పొగ కక్కే రోజుల్లో మేం రైల్వే కాలనీ పక్కన క్రికెట్ ఆడేవాళ్లం. ఎవరో పెద్దాయన ఇచ్చిన బ్యాటు నా రొమ్ముదాకా వచ్చేది. మా అన్న రంపం తెచ్చి పిడి నాలుగంగుళాలు కోసి సైకిల్ ట్యూబు చుట్టాడు. ఆ రోజు నుంచి నాకు బంతి తగలడం మొదలైంది. సాఫ్ట్‌బాల్ బ్యాటుకు నియమాల్లో గరిష్ఠ పొడవు 34 అంగుళాలు. గరిష్ఠం అంటే పెద్దవాళ్లు కూడా అంతకు మించకూడదని అర్థం గానీ, అందరికీ అంతే కొనమని కాదు. మన స్కూళ్ల సంచుల్లో ఉండేవి అవే. పదకొండు పన్నెండేళ్ల పిల్లకు 29 నుంచి 31 అంగుళాలు చాలు. బరువు చూడ్డానికి తూకం కూడా అక్కర్లేదు. పిల్లని నిలబెట్టి ఒక్క చేత్తో బ్యాటును పక్కకు చాపి పట్టుకోమనండి. అర నిమిషం లోపల చెయ్యి వణికి కొస కిందికి వాలిపోతే ఆ బ్యాటు ఆ పిల్లది కాదు. శనివారం పిల్లల్లో అందరూ పిడి మీద ఒక జానెడు పైకి పట్టుకుని కొడుతున్నారు. బరువు మోయలేక అట్లా పట్టుకుంటున్నారని ఎవరికీ తోచలేదు, ఆట రాలేదనుకుంటున్నారు.

డబ్బు లేదంటారు. ఎంత ఉందో చూద్దాం. సమగ్ర శిక్ష పథకం కింద ఆటల సామానుకు ఏడాదికి ప్రైమరీ స్కూలుకు 5,000, అప్పర్ ప్రైమరీకి 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల వరకు. 2018లో పెట్టిన అంకెలివి. ఆ 25,000లోనే వాలీబాల్ నెట్టు, ఖోఖో స్తంభాలు, షటిల్ బ్యాట్లు, కేరమ్ బోర్డు అన్నీ రావాలి. ఢిల్లీలో 2025-26 బడ్జెట్‌లో ఖేలో ఇండియాకు వెయ్యి కోట్లు చూపించారు. ఆ వెయ్యి కోట్లలో మా మండలం పిల్ల కుడిచేతికి ఒక గ్లౌజు రాలేదు. 2025 సెప్టెంబరులో ఆటల సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచిదే. కానీ ఆ తగ్గింపు సొంతంగా కొనుక్కునే అకాడమీ పిల్లల తల్లిదండ్రులకు ఉపయోగపడుతుంది. స్కూలు గ్రాంటు మాత్రం దానివల్ల పెరగదు.

ఉన్న డబ్బు కూడా ఎట్లా ఖర్చవుతోంది? మార్చి నెలాఖరులో, లెక్క ముగించాలన్న హడావుడిలో. మూడు కొటేషన్లు తెప్పిస్తారు, అన్నిటికన్నా తక్కువదానికి ఓకే అంటారు. ఒక అట్టపెట్టె వస్తుంది, దాన్ని "సెట్టు" అంటారు. ఏం కొనాలో ఆట నేర్పే సార్‌ని అడగరు, ఆడే పిల్లల్ని అసలే అడగరు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి తరగతికీ అవసరమైన మేరకు ఆట వస్తువులు ఇవ్వాలని రాసి ఉంది. ఆ అవసరం ఎవరిది? కొటేషన్ ఇచ్చినవాడిదా, గ్రౌండులో బంతి వెనక పరుగెత్తే పిల్లదా?

సామానొక్కటే అయితే ఎట్లాగో తెప్పించుకుంటాం. ఆ సామాను సంచి తాళం తీసేదెప్పుడు? టైమ్‌టేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంటుంది. సిలబస్ కాలేదని లెక్కల సారు ఒక వారం, సైన్సు టీచరమ్మ ఒక వారం పట్టుకుపోతారు. పదో తరగతి పిల్లలకైతే దసరా దాటితే ఆ పీరియడ్ పేరుకే మిగులుతుంది. పీఈటీ సార్లకు హాజరు, ఫొటోలు, యాప్‌లు, ఏ టీచర్ రాకపోతే ఆ క్లాసు. శనివారం నేను మాట్లాడిన సారు మంచివాడు. అన్నీ విని, "ఏం చెయ్యమంటారండీ, నాకు గ్రౌండులోకి రావడానికే టైం దొరకదు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. గ్రౌండులోకి పిల్లల్ని వదలని మనమే క్రీడా కోటా కోసం సర్టిఫికెట్లు కావాలంటాం. రాష్ట్రంలో ఉద్యోగాల్లో ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచినప్పట్నుంచీ, ఆట తెలియని తల్లిదండ్రులు కూడా ఏ ఆటలో అయితే పోటీ తక్కువుందో నన్నడుగుతున్నారు. అట్లా అడిగినవాళ్లలో గ్లౌజు సైజు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తోంది. అప్పుడు మన పేపర్లలో మనవాళ్లు ఎందుకు లేరని వ్యాసాలొస్తాయి. నేను ఇప్పుడే రాసేస్తున్నాను.

సోమవారం కుడిచేతి గ్లౌజు ఒకటి తెప్పించాను, పదకొండున్నర అంగుళాలది. కొత్త తోలు, చెక్కలా ఉంది, వేళ్లు ముడుచుకోవు. పైగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న అల్లికలో ఒక తోలుతాడు తెగి వచ్చింది. తిప్పి పంపితే ఇంకో పది రోజులు పడుతుంది. పిల్ల ఇంటికి తీసుకుపోయి వాళ్ల నాన్నకు చూపించాను. ఆయన గ్లౌజును వెలుతురు వైపు ఎత్తి ఆ అల్లికను ఒకసారి చూశాడు. "ఇది వలే గదన్నా" అన్నాడు. చూరులోంచి వల అల్లే సూది తీసి, నైలాన్ తాడుతో ఆ తెగినచోట అయిదు నిమిషాల్లో ముడులేశాడు. మిగిలిన కన్నులు కూడా లాగి చూశాడు. నేను బంతిని గ్లౌజులో పెట్టి, మూసి, అదే తాడుతో గట్టిగా కట్టి, రాత్రి పక్క కింద పెట్టుకుని పడుకోమని పిల్లకి చెప్పాను. తోలు అట్లాగే లొంగుతుంది, నాలుగైదు రాత్రులు పడుతుంది.

నిన్న ఉదయం ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. పాప ఇంకా లేవలేదని, చెయ్యి ఆ గ్లౌజు మీదే ఉందని చెప్పింది.