వాగుల వార్త ఎవరు చదువుతారు?



ఈసారి కూడా పరిసరాల పరిశుభ్రత మీదే రాయమన్నారు. అది ఇప్పటికే నాలుగుసార్లు వచ్చేసింది. అందుకని నేను రేడియో మీద రాస్తున్నాను. మన రేడియో కాదు, బ్రిటన్ వాళ్లది. పేరు బీబీసీ రేడియో 4. 1967 సెప్టెంబరు 30న ఆ పేరుతో మొదలైంది. అందులో పాటలు చాలా తక్కువ, పొద్దున్నించి అర్ధరాత్రి దాటేదాకా అన్నీ మాటలే. వ్యాపార ప్రకటనలు అసలు లేవు. అక్కడి ఇళ్లవాళ్లు టీవీ కోసం కట్టే లైసెన్సు రుసుముతోనే ఇదీ నడుస్తుంది.

దసరా సెలవుల్లో ఒక గురువారం మా బావ ఫోనులో రోజంతా విన్నాను. (సిగ్నల్ కోసం చింతచెట్టు కింద కూచోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.) నిజం చెప్పాలంటే నాకు అర్థమైంది పావు వంతే. మిగతాది తర్వాత ఇంగ్లీషు సారుని అడిగి తెలుసుకున్నాను.

వాళ్లకి ఉదయం 6 గంటలంటే అప్పుడు మనకి పదిన్నర. 6 నుంచి 9 దాకా ‘టుడే’ అని వార్తలు. మంత్రులనైనా వదలకుండా ప్రశ్నలు అడుగుతారు. 9కి ముగ్గురు పెద్ద చదువుల వాళ్లు కూచుని ఒకే విషయం మీద మాట్లాడతారు. ఒక వారం చరిత్ర, ఒక వారం నక్షత్రాలు. ఇది 1998 నుంచి ఉంది. తర్వాత ఆడవాళ్ల కార్యక్రమం. అది 1946లో మొదలైంది, మొదట్లో దాన్ని నడిపింది మాత్రం ఒక మగాయనట! శుక్రవారమైతే తోటల మీద ప్రశ్నలు, జవాబులు కూడా ఉంటాయి.

సాయంత్రం 7 గంటలకి ‘ది ఆర్చర్స్’ నాటకం. ఆంబ్రిడ్జ్ అనే ఊరి కథ. ఆ ఊరు మ్యాపులో లేదు, కల్పించింది. 1951 జనవరి 1 నుంచి దేశమంతా వింటున్నారు. అప్పట్లో అక్కడ తిండికి కరువుండి రేషన్ ఇచ్చేవాళ్లు. రైతులు కొత్త పద్ధతులు నేర్చుకోవాలని ఈ నాటకం పెట్టారు. ఊరికే చెబితే ఎవరు వింటారు? కథలో కలిపి చెప్పారు. పట్నం వాళ్లు కూడా అలవాటు పడిపోయారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం రాత్రి 12:48కి వచ్చేది. అప్పుడు మనకి తెల్లవారి 5:18, అంటే హాస్టల్లో మనం బకెట్ల కోసం కొట్టుకునే టైము. అది ఓడలవాళ్లకి వాతావరణ వార్త. చుట్టూ సముద్రాన్ని 31 భాగాలు చేసి పేర్లు పెట్టారు. వైకింగ్, ఫోర్టీస్, డాగర్, ఫిషర్ అంటూ ఒక్కో పేరూ చదివి గాలి ఎంత, వాన ఉందా, దూరం కనిపిస్తుందా అని నిదానంగా చెబుతారు. ఒక భాగానికి 2002లో ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. మన సైన్సు పాఠంలో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ ఉంది కదా, దాని కెప్టెన్ ఆయనే. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో పగిలి వందల మంది పోయారు. ఆ తర్వాత ఆయనే టెలిగ్రాఫు మీద రేవులకి తుఫాను హెచ్చరికలు పంపించే ఏర్పాటు చేశాడు.

ఇందులో నా అభిప్రాయం ఏమిటంటే, ఆ వార్త పనికొచ్చేది సముద్రం మీద ఉన్న కొద్దిమందికే. అయినా దేశమంతటికీ వినిపించే రేడియోలో చదువుతారు. పడవ ఎక్కని వాళ్లు కూడా పడుకునే ముందు వింటారు. కొద్దిమందికే కదా అని ఎవరూ తీసెయ్యలేదు.

మరి మన దగ్గర? జులైలో ఒక ఆదివారం మా నాన్న వస్తానన్నాడు. నేను గేటు దగ్గర సాయంత్రం దాకా కూచున్నాను. భోజనానికి కూడా పోలేదు. వాగు పొంగి ఆయన అవతలి ఒడ్డు నుంచే తిరిగిపోయాడని సోమవారం తెలిసింది. బస్సు డ్రైవరు ఆ మాట పొద్దున్నే చెప్పాడట. విన్నవాళ్లు విన్నారు గానీ, నాకు చేరలేదు. ఆరోజు నాలాగే ఇంకో ఐదుగురు కూచున్నారు.

మనకి ప్రేయర్ మైకు ఉంది. కాషన్లు, హాజరు అయ్యాక ఊరికే పడి ఉంటుంది. వానాకాలంలో రోజూ పొద్దున ఐదు నిమిషాలు ఇవ్వండి. కిన్నెరసాని, తాలిపేరు, జంపన్నవాగు, మన ఊళ్ల చిన్న వాగులు, అన్నీ పేరుపేరునా చదవాలి. ఏది పొంగింది, ఏ బస్సు రాదు అని చెప్పాలి. స్టడీ అవర్ పాడవుతుందని కొందరు సార్లు అంటారు. ఐదు నిమిషాలకి పాడయ్యే చదువు కాదు సార్ మాది.

ఇంకొకటి. రేడియో 4లో అంతా ఇంగ్లీషే. వెల్ష్ భాష వాళ్లకి బీబీసీయే 1977లో వేరే స్టేషన్ పెట్టింది. మనకి వేరే మైకు అక్కర్లేదు. వాగుల వార్త తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి చదివితే చాలు. కోయలో మాట్లాడితే నవ్వేవాళ్లు మన రూముల్లోనే ఉన్నారు, నేనూ ఆరో తరగతిలో నవ్వాను.

వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి రోజు చదవడానికి నేను రెడీ. బస్సు డ్రైవరుని అడిగి రాసుకొచ్చే పని ఎవరైనా తీసుకోండి.

- 9వ తరగతి విద్యార్థి