ముందు పరీక్ష, తర్వాతే గోధుమకు సెలవు

గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు, గోధుమ మానేశాక చేయించుకున్న పరీక్షను నమ్మడానికి లేదు. జబ్బు ఉన్నా లేదనే రావచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఎందరో తమ జబ్బును తామే దాచేసుకుంటున్నారు. చపాతీ మానేశారు, పనిలో పనిగా పాలు, పెరుగు, గుడ్డు, మాంసం కూడా మానేశారు. రెండు నెలలు తిరిగేసరికి ప్యాంటు నడుం దగ్గర వదులైంది. ఇంటికొచ్చినవాళ్లంతా ‘భలే తగ్గావే’ అంటున్నారు. తగ్గింది కొవ్వా, కండా, లేక పేగు తిండిని పట్టించుకోవడం మానేసిందా అన్నది తూకం యంత్రం చెప్పలేదు. గోధుమ మానాలనుకునేవాళ్లు ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇప్పటికే మానేసి చిక్కిపోతున్నవాళ్లు ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవే ఇళ్లలో కొన్నేళ్ల కిందట రాత్రిపూట అన్నం మానేసి చపాతీ పట్టారు. షుగర్ వచ్చినా చపాతీయే, ఒళ్లు తగ్గాలన్నా చపాతీయే. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. అమెరికాలో విలియం డేవిస్ అనే గుండె వైద్యుడు 2011లో ‘వీట్ బెల్లీ’ పుస్తకం రాశాక ఊపందుకున్న ప్రచారం తెలుగు యూట్యూబ్ దాకా వచ్చి, గోధుమే విషమని తేల్చేసింది. మొదట నూనె దోషి, తర్వాత అన్నం దోషి, ఇప్పుడు గోధుమ దోషి. దోషులు మారుతున్నారే గానీ విచారణ మాత్రం జరగడం లేదు.

గోధుమ పడదనేవాళ్లలో కనీసం మూడు రకాలవాళ్లున్నారు. ఒకరిది అలర్జీ. తిన్న నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తాయి. కొందరికి గోధుమ తిన్నాక పరుగో కసరత్తో చేస్తేనే బయటపడుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. ఇంకొకరిది ఉబ్బరం, గ్యాస్, కడుపు బిగదీసినట్టుండటం. పరీక్షల్లో మాత్రం ఏమీ కనిపించదు. వీళ్లలో చాలామందికి అసలు గ్లూటెన్‌తో పేచీ ఉండకపోవచ్చు. నార్వే పరిశోధకులు ఏది తింటున్నారో చెప్పకుండా గ్లూటెన్‌ను ఒకసారి, ఫ్రక్టాన్లనే పిండిపదార్థాన్ని ఒకసారి తినిపించి చూశారు. 2018లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఉబ్బరానికి ఎక్కువ కారణమైనవి ఫ్రక్టాన్లే. అవి ఉల్లిలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటాయి. చపాతీని వెళ్లగొట్టి ఉల్లిపాయ కూరను కంచంలో ఉంచుకున్నవాళ్లకు ఉబ్బరం ఎందుకు పోలేదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మూడోది సీలియాక్. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ తగలగానే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు చదునైపోతాయి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం కంచంలో ఎంత ఉన్నా ఒంటికి పట్టవు. దీనికి మూలం గోధుమేనని తేల్చింది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కె. 1944-45 కరువు చలికాలంలో అక్కడ రొట్టె దొరక్క జనం అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బూ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా తనకున్న అనుమానం అలా బలపడి, 1950లో ఆయన సిద్ధాంత గ్రంథమైంది.

ఈ జబ్బు అనగానే అందరూ విరేచనాలనే ఊహించుకుంటారు. పెద్దవాళ్లలో చాలామందికి అవి ఉండవు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని హిమోగ్లోబిన్, చిన్న దెబ్బకే విరిగే ఎముక, నిలవని గర్భం, ఎత్తు పెరగని పిల్లవాడు, ఇలా వేరే వేషాల్లో వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనులే. అంత పెద్ద గుంపులో సీలియాక్ వల్ల పాలిపోయిన మనిషిని వెతికిపట్టుకోవడం తేలిక కాదు. మాత్రలు రాసి పంపేయడమే తేలిక.

2016లో అచ్చయిన ఒక అధ్యయనం మన దేశంలో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి చూసింది. ఉత్తరాదిన నూటికి 1.23, ఈశాన్యంలో 0.87, దక్షిణాదిన 0.10 మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనిపించాయి. మనకు వెయ్యికి ఒక్కరన్నమాట. అది చూసి ‘మన దగ్గర లేదులే’ అనుకునే డాక్టర్లున్నారు. రెండు రాష్ట్రాల జనాభాకు లెక్కగడితే ఆ ఒక్కరే పదుల వేల మంది అవుతారు. ఇదే సంఖ్యను రెండో వైపు నుంచి కూడా చదవాలి. మన ప్రాంతంలో కడుపు చెడి, మనిషి చిక్కిపోతుంటే గోధుమ కంటే ముందు అనుమానించాల్సినవి ఉన్నాయి. పేగు క్షయ ఉంది, జియార్డియా లాంటి పరాన్నజీవులున్నాయి, తిండి ఒంటికి పట్టనివ్వని ట్రాపికల్ స్ప్రూ ఉంది. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ ప్రబలితే వెల్లూరు సీఎంసీ వైద్యులు దాన్ని దగ్గరుండి పరిశీలించారు. దానికి మందు ఫోలిక్ ఆమ్లమూ యాంటీబయాటిక్కూ. క్షయకు మందు క్షయ మందులే. కొర్రన్నం తింటూ కూర్చుంటే ఈ రెండూ తగ్గవు.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య కాదు. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటే ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం ఎంతుందో చూడటం. రెండోది ఎందుకంటే, కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వాళ్లకు మొదటి పరీక్ష ఊరికే బాగుందని చెప్పేస్తుంది. టీటీజీ పెరిగి ఉంటే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క తీసి చూస్తారు. ఇదంతా రోజూ గోధుమ తింటూ ఉండగానే జరగాలి. మానేస్తే రక్తంలో ఆనవాళ్లు తగ్గుతాయి, పేగు మానుతుంది, దొరకాల్సిన దొంగ దొరక్కుండా పోతాడు. ఇంట్లో ఒకరికి జబ్బు తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి. వాళ్లకు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ.

వేలకు వేలు పుచ్చుకుని ‘మీకు పడని పదార్థాలివీ’ అంటూ పొడవాటి రంగుల జాబితా చేతిలో పెట్టే ఐజీజీ పరీక్షల జోలికి వెళ్లొద్దు. మీరు తరచుగా తినేవేవో మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. ఇలాంటి నిర్ధారణకు అది పనికిరాదని అంతర్జాతీయ అలర్జీ వైద్య సంఘాలు ఎప్పుడో చెప్పాయి. అయినా ఆ జాబితా పట్టుకుని గోధుమ, పాలు, గుడ్డు, పప్పు ఒకేరోజు మానేసినవాళ్లున్నారు.

ఒకేరోజు అన్నీ మానేయడంలో ఇంకో చిక్కుంది. మన దక్షిణాదివాళ్లలో పాలలోని లాక్టోజ్ అరగనివాళ్లు చాలామంది. గోధుమనూ పాలనూ కలిపి ఆపితే కడుపు తేలికపడుతుంది, కానీ ఆ పుణ్యం దేనిదో తెలియదు. నింద గోధుమ మీద పడుతుంది. బరువు సంగతీ అంతే. గోధుమ మానడమంటే పరోటా, పూరీ, పఫ్, బిస్కెట్, మైసూరు బజ్జీ, కాజా మానడమే. మైదా, నూనె, పంచదార ఒక్కసారిగా పోతే ఎవరైనా తగ్గుతారు. అందులో గ్లూటెన్ గొప్పేమీ లేదు.

మొక్కల ఆహారం మీద మాకు కోపం లేదు. సరిగ్గా చూసుకుంటే పెద్దవాళ్లు దాని మీద హాయిగా బతకొచ్చు. అయితే విటమిన్ బి12 మొక్కల్లో లేదు. మన శాకాహార ఇళ్లకు ఇన్నాళ్లూ అంతో ఇంతో ఆసరా పాలు, పెరుగు, మజ్జిగే. వాటినీ తీసేసినవాళ్లు మాత్రల రూపంలోనో, బి12 కలిపిన ఆహారం ద్వారానో దాన్ని తీసుకోక తప్పదు. స్పైరులినా సరిపోతుందని అమ్మేవాళ్లను నమ్మకండి, అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని నకలు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు లాక్కొస్తుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్ల తిమ్మిరి, నడకలో తడబాటు, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరల్లో ఫోలేట్ దండిగా ఉండటం వల్ల రక్తపరీక్ష బాగానే కనిపిస్తూ, లోపల నరాలు మాత్రం పాడవుతూ పోవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి, ఏళ్ల తరబడి వాడితే ఆ మందు కూడా బి12ను తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ పెరుగు మానేసిన అరవై ఏళ్ల మనిషి కాళ్లు తిమ్మిరెక్కితే, ఇంట్లో అందరూ షుగర్ వల్లేననుకుంటారు.

తల్లిలో బి12 లేకపోతే పాలు తాగే బిడ్డ దెబ్బతింటుంది. నవ్వడం, మెడ నిలపడం నేర్చిన బిడ్డ అవి మర్చిపోతుంది, చర్మం నల్లబడుతుంది, చేతులు వణుకుతాయి. ఇన్‌ఫాంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ పేరుతో మన దేశపు పిల్లల డాక్టర్లకు ఇది పాత పరిచయమే.

బెల్జియంలో ఆరోగ్య ఆహారాల దుకాణం నడిపే ఒక జంట తమ బిడ్డకు గ్లూటెన్, లాక్టోజ్ రెండూ పడవని తమకు తామే తేల్చుకున్నారు. ఏ డాక్టరూ ఆ మాట చెప్పలేదు. ఓట్స్, బియ్యం, కినోవాలతో చేసిన పాలు పట్టారు. 2014 జూన్‌లో ఆ బాబు చనిపోయాడు. వయసు ఏడు నెలలు, బరువు 4.3 కిలోలు. 2017లో కోర్టు తల్లిదండ్రులను దోషులుగా తేల్చింది. వాళ్లు బిడ్డ మీద ప్రేమ లేనివాళ్లు కారు. బరువు పెరగని బిడ్డను చూస్తూ కూడా తమ నిర్ణయాన్నే నమ్ముకున్నారు. ఇవాళ మన పిల్లలకు రాగి పాలు, బాదం పాలు పట్టించి పాలపొడి మానిపించే వీడియోలు చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాలకు బదులు డాక్టరు చెప్పిన శిశు ఫార్ములా తప్ప ఇంకే గింజ పాలూ సరిపోవు.

పరీక్షలో సీలియాక్ తేలినవాళ్ల కథ పూర్తిగా వేరు. వాళ్లకు గోధుమ జీవితాంతం నిషిద్ధం, పొరపాటున కూడా తినకూడదు. అప్పుడు తెలుస్తుంది, గోధుమ మన వంటింట్లో ఎక్కడెక్కడ దాక్కుందో. ఉప్మా రవ్వ, సేమ్యా, బొబ్బట్టు పైపొర సరే. పులిహోరలో వేసే ఇంగువలో చాలా రకాలకు మైదా కలుస్తుంది. జ్వరంలో తాగే బార్లీ నీళ్లు, పిల్లలకు కలిపిచ్చే మాల్టు పొడులు, సోయా సాస్ అన్నీ అనుమానించాల్సినవే. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసిందే, కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేయాలి. మాంసం మానేసినవాళ్ల కోసం అమ్మే ‘వీగన్ చికెన్’లో కొన్ని రకాలు అచ్చంగా గోధుమ గ్లూటెన్ ముద్దలే! జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, అరికెల్లో గ్లూటెన్ లేదు గానీ, గోధుమ ఆడించిన పిండిమరలోనే వాటినీ ఆడిస్తే లేనిది వచ్చి చేరుతుంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ రహితం అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ నిబంధన ఊరి పిండిమరను చేరదు. సొంత మిక్సీయో చిన్న ఇంటి మరో దిక్కు.

ఏ ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే వైద్యులు కారణం వెతుకుతారు. డెబ్బై కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు. డైట్ చేస్తున్నాం కదా అన్న ధీమా ఈ హెచ్చరికను మింగేస్తుంది. అనుకున్నదానికంటే వేగంగా తగ్గుతున్నా, కడుపునిండా తింటున్నా తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం, దాహం, గుండెదడ, మలంలో రక్తం, మెట్లెక్కితే ఆయాసం తోడైనా అది డైట్ ఖాతాలో వేసుకోవాల్సిన తగ్గుదల కాదు. క్షయ, షుగర్, థైరాయిడ్, క్యాన్సర్ కూడా మనిషిని సన్నబరుస్తాయి. గ్లిమెపిరైడ్ మాత్రలో ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గించినవాళ్లకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు మార్చకుండా కంచం మార్చొద్దు.

ప్రభుత్వాలు చేయాల్సినదీ ఉంది. టీటీజీ పరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి. రక్తహీనత తగ్గని మహిళకు మూడోసారి అవే మాత్రలు రాసే ముందు ఈ పరీక్ష రాయాలి. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది హైదరాబాద్ తార్నాకలోనే. గోధుమ, గ్లూటెన్, బి12 గురించి అది తెలుగులో, ఇంటింటికీ అర్థమయ్యే మాటల్లో చెబితే వీడియోల పని సగం పడిపోతుంది.

ఇప్పటికే గోధుమ మానేసినవాళ్ల మాట. వాళ్లు ముందుగా హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష చేయించుకోవచ్చు. గోధుమ మానేసినా దాని ఫలితం మారదు. అది లేదని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉందని వచ్చినా జబ్బు ఉన్నట్టు కాదు, ఆ జన్యువులు ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉంటాయి. అప్పుడు డాక్టరు పర్యవేక్షణలో మళ్లీ గోధుమ తినాలి. రోజుకు ఒక పూటకు మించి, కనీసం ఆరు వారాలు తిన్నాకే పరీక్ష అని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గోధుమ తిని ముఖం వాచినవాళ్లు, ఊపిరి అందక ఇబ్బంది పడినవాళ్లు ఈ పని ఇంట్లో చేయనే కూడదు, వాళ్లు వెళ్లాల్సింది అలర్జీ నిపుణుల దగ్గరికి. మిగతావాళ్లు చపాతీ తినండి. ఆ ఆరు వారాల్లో కిలో రెండు కిలోలు పెరిగితే పెరగనివ్వండి.