అమ్మ మాటకు నేను చేసిన అనువాదం

 

గత రమజాన్‌కు కొద్ది రోజుల ముందు మా తల్లిగారికి అస్వస్థత కలిగింది. ఆమెకు 78 ఏళ్లు. మా వర్ని నుండి బాన్సువాడకో, బోధన్‌కో, పెద్ద వైద్యమైతే నిజామాబాద్‌కో వెళ్లవలసి ఉంటుంది. బస్సు ఎక్కి దిగడం, ఆసుపత్రి వరండాలో గంటల తరబడి నిరీక్షించడం ఆ వయసులో కష్టం. అందువల్ల మా అబ్బాయి ఫోనులోనే వీడియో ద్వారా ఒక డాక్టరు గారితో మాట్లాడే ఏర్పాటు చేశాడు.

అమ్మీ సంతలో తెలుగు చక్కగానే మాట్లాడతారు. కాని ఒంట్లో బాధ చెప్పవలసి వస్తే దక్కనీ తప్ప మరో భాష ఆమె నోట రాదు. కనుక మధ్యలో నేను కూర్చున్నాను. “ఘబ్రాహట్ హోరీ” అని ఆమె అన్నారు. “ఆందోళనగా ఉందంటున్నారు డాక్టరు గారూ” అని నేను తెలుగులో చెప్పాను. నిద్ర పడుతున్నదా, ఇంట్లో ఏవైనా చింతలున్నాయా అని ఆయన అడిగారు. మా తండ్రిగారు గతించి అప్పటికి ఏడు నెలలు. ఆ సంగతీ నేనే చెప్పాను. డాక్టరు గారు ఎంతో మర్యాదగా ఓదార్చి, విశ్రాంతి, కొద్దిపాటి నడక సూచించి, బలానికి ఒక మాత్ర రాశారు. అంతా పది నిమిషాలలో ముగిసింది. ఆ వెంటనే ఫోను తెరమీద అయిదు నక్షత్రాలు కనిపించాయి. “దాదీ, ఎలా అనిపించింది?” అని మనవడు అడిగాడు. “అచ్ఛా హై బేటా” అన్నారామె. వాడు అయిదూ నొక్కాడు.

ఆ అయిదు నక్షత్రాలలో అసత్యం లేదు. ఇల్లు కదలకుండా వైద్యుడు కనిపించాడు, చిరునవ్వుతో మాట్లాడాడు. మన పెద్దలు అతిథిని గాని, వైద్యుని గాని “బాగాలేదు” అనడం ఎన్నడైనా విన్నామా?

దూరాన ఉన్న రోగికి వైద్యం అందించాలన్న తపన కొత్తది కాదు. వెయ్యేళ్లకు పూర్వమే అబూ బక్ర్ అర్రాజీ ‘మన్ లా యహ్‌దురుహుత్తబీబ్’ అనే గ్రంథం రచించారు. వైద్యుడు అందుబాటులో లేనివాని కొరకు అని ఆ పేరుకు అర్థం. మన తెలుగు నేలపై చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారు నెలకొల్పిన దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. కరోనా రోజులలో, 2020 మార్చి 25న, కేంద్ర ప్రభుత్వం ఈ విధమైన వైద్యానికి నియమావళి ప్రకటించింది. ‘ఈ-సంజీవని’ సేవలో 2023 ఫిబ్రవరి నాటికి 10 కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయని ఆరోగ్య మంత్రిత్వ శాఖ తెలిపింది. వాటిని వినియోగించుకున్నవారిలో 57 శాతానికి పైగా స్త్రీలే. పర్దా పాటించే మన ఇళ్లకు ఈ సంఖ్య అర్థం వివరించనవసరం లేదు. ఊళ్లో లేడీ డాక్టరు లేనిచోట, ఎక్కడో ఉన్న లేడీ డాక్టరుతో మాట్లాడగలగడం చిన్న మేలు కాదు.

రెండు వారాలు గడిచినా అమ్మీకి నెమ్మది కలగలేదు. బీపీ చూపించడానికి మా కోడలు ఆమెను పల్లె దవాఖానకు తీసుకువెళ్లింది. అక్కడి నర్సు మణికట్టు పట్టుకొని, గడియారం చూస్తూ, ఒక నిమిషం మౌనంగా ఉండి, మళ్లీ ఇంకో నిమిషం చూసిందట. “ఘబ్రాహట్ ఎక్కడ నానీ?” అని అడిగితే అమ్మీ ఎడమ రొమ్ము మీద చేయి ఉంచారట. నాడి లయ తప్పుతున్నదని గ్రహించి, ఆ అమ్మాయి అక్కడి నుండే ఈ-సంజీవనిలో ఒక వైద్యురాలిని కలిపి, తాను చూసినదంతా వివరించింది. ఆలస్యం చేయక ఈసీజీ తీయించమని ఆమె ఆదేశించారు. నిజామాబాద్‌లో తీయిస్తే, గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకుంటున్నాయని తేలింది. ఆ స్థితిలో గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు. అల్‌హందులిల్లాహ్, ఇప్పుడు కుదుటపడ్డారు.

మొదటి డాక్టరు గారిని నేను తప్పుపట్టను. ఆయన చెవికి చేరినది అమ్మీ మాట కాదు, నా మాట. గుండె దడను నేను మనసు దిగులుగా మార్చి అందించాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఫిఖ్‌హ్ బోధిస్తున్నవాణ్ణి నేను. ఖాజీకి కక్షిదారు భాష తెలియనప్పుడు అనువాదకుడు ఒక్కడు చాలునా అనే చర్చ ఏటా పాఠంలో వస్తుంది. ఇమాం అబూ హనీఫా ఒక్కడు చాలునన్నారు. ఆయన శిష్యుడు ఇమాం ముహమ్మద్ ఇద్దరుండాలన్నారు. ఒకరి హక్కు మరొకరి నాలుకపై ఆధారపడినప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో పిల్లలకు వివరిస్తూనే ఉన్నాను. నా తల్లి విషయంలో మాత్రం నేనొక్కణ్ణే చాలుననుకున్నాను.

ఇక్కడ మరో సంగతి. కొడుకు ఎదుట ఏ తల్లి అన్నీ చెబుతుంది? మూత్ర సమస్య, స్త్రీల బాధలు కోడలి ఎదుటో కూతురి ఎదుటో బయటపడతాయి గాని, మా వంటివారు ఫోను పట్టుకొని కూర్చుంటే “ఠీక్ హై” అన్నంతవరకే. రోగి పలికిన మాటను ఉన్నదున్నట్లు ముందు వినిపించి, తరువాతే దాని అర్థం చెప్పడం మేలు. “ఎక్కడ? చేయి పెట్టి చూపించండి” అని ఒక్క మాట అడిగి ఉంటే మాకు రెండు వారాలు కలిసివచ్చేవి. నియమావళి ప్రకారం, మాట్లాడుతున్న వైద్యుని పేరు, అర్హత తెలుసుకోవడం మన హక్కు. ఫోను వైద్యం చాలదనిపిస్తే ఏ దశలోనైనా ఆపివేయవచ్చు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం వంటివి కనిపిస్తే వీడియో కోసం వేచి ఉండరాదు, 108కి ఫోను చేయాలి. డాక్టరు చీటీని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కూడా మానుకోవాలి. రోగి రహస్యం మన వద్ద అమానత్.

మొన్న మనవడు మళ్లీ అడిగాడు, “దాదీ, ఇంతమందిలో ఏ డాక్టరు నచ్చారు?” అని. అమ్మీ కాసేపు ఆలోచించి, “నా చేయి పట్టుకుని చూసిందే, ఆ బిడ్డ” అన్నారు. ఆమె డాక్టరు కాదు దాదీ, నర్సు అని వాడు సరిదిద్దబోతే వినిపించుకోలేదు.

నెలకొకసారి ఇప్పటికీ వీడియోలోనే మాట్లాడుతున్నాం. ఫోను మా కోడలు పట్టుకుంటుంది, నేను వరండాలో కూర్చుంటాను. పది నిమిషాల మాట ఇప్పుడు అరగంట దాకా సాగుతున్నది. లోపల ఏమి చెప్పుకుంటున్నారో నాకు వినిపించదు.