పాఠం ఎవరిని చూసి తయారుచేస్తున్నరు?

ఆన్‌లైన్ పాఠానికి కులం లేదట! ఫోను నొక్కితే జూబ్లీహిల్స్ పిల్లకూ గౌడవెల్లి వాడ పిల్లకూ అదే మాస్టరు, అదే బొమ్మ, అదే పాఠమట. ఈ మాట చెప్పే పెద్దమనుషులను ఒకటే అడుగుతున్నాం. పాఠం తయారుచేసేటప్పుడు మీ కండ్ల ముందు మెదిలిన పిల్ల ఎవరు?

కరోనా కాలంలో బడులు మూతబడితే, 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో ప్రభుత్వ బడి పిల్లలకు పాఠాలు మొదలైనయి. అదన్నా దిక్కయిందని సంతోషపడ్డం. కానీ మేడ్చల్ దిక్కు కంపెనీ పనికి పోయే తండ్రి జేబులోనే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పోయేది. టీవీ ఉన్న ఇంట్లో పాఠం నడుస్తుంటే పిల్ల చంకలో తమ్ముడుండె, పొయ్యి మీద అన్నముండె. అర్థం కానిది అడుగుదామంటే టీవీ జవాబు చెప్పదు.

2021 ఆగస్టులో ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో సుమారు 1,400 మంది పేదింటి పిల్లలను విచారించారు. పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నది ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో నూటికి 4. మిగతా కులాల పిల్లల్లో 15. మన రాష్ట్రం ఆ లెక్కలో లేదు. ఉంటే మాత్రం మన వాడ వేరే కథ చెప్పేదా?

"ఇప్పుడు ఫోన్లొచ్చినయి గదా, ఇంకేం ఏడుపు?" అంటరు. ఫోను వచ్చింది, పాఠం మారలేదు. ఈ మధ్య ఒక భిన్నాల పాఠం చూసిన. కేకును ఎనిమిది ముక్కలు కోసి, ఒక ముక్క ఎనిమిదో వంతని చెప్పి, అరగంట ఆగకుండ సాగింది. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతే ఎక్కువనుకుంటరు పిల్లలు. క్లాసులో ఏటేటా చూసే తప్పిది. పాఠం రాసినాయనకు తట్టనే లేదు. అదే పిల్లను కిరాణం దుకాణానికి పంపి చూడండి. పావుకిలో పప్పు ఎక్కువనా, అర్ధపావు ఎక్కువనా అంటే నవ్వుతది. ఏ పూటకాపూట కొనుక్కునే బతుకులు, ఆ లెక్క తెలియని పిల్ల మా వాడల్లో ఎవరు? ఆ తెలివిని పాఠంలోకి రానియ్యరు. రానిస్తే "మీ పిల్లలకు బుర్ర లేదు" అనే మాట చెల్లదు గదా!

మాస్టరు ముందు కెమెరా పెట్టగానే ఆన్‌లైన్ పాఠం కాదు. పాఠం అయినంక పిల్ల ఏం చేయగలగాలె అన్నది ముందు తేల్చుకోవాలె, అక్కడినుంచి వెనక్కి నడిచి పాఠం కట్టాలె. ఐదారు నిమిషాలకొకసారి ఆగి పని ఇయ్యాలె. తప్పుచేస్తే ఎర్రగీత కొట్టి ఊరుకోకుండ, ఎందుకు తప్పయిందో చెప్పాలె. నెట్టు అయిపోయినోళ్లకు మాట ఒక్కటే తక్కువ సైజులో విడిగా అందాలె. పత్తి ఏరబోయి పది రోజులకు వచ్చిన పిల్ల, వదిలిన చోటనే అందుకునేటట్టుండాలె. ఇదొక విద్య, నేర్చుకుంటే వస్తది. మాకు మాత్రం వీడియో చూడు, బటన్ నొక్కు, సర్టిఫికెట్ తీస్కో అనే శిక్షణ! తయారుచేసేది వాళ్లు, నొక్కేది మేము. వేదం కాడ ఎట్లుండెనో యాప్ కాడ అట్లనే.

మనవాళ్లలోనే కొందరు ఆన్‌లైనే వద్దంటున్నరు. నేనొప్పుకోను. 1906లో హైదరాబాదులో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, అక్షరం రాని జనానికి హరికథలతో చైతన్యం చెప్పించిండు. జనం దేనికి కూసుంటరో అది పట్టుకున్నడు. 1946లో అంబేడ్కర్ బొంబాయిలో పెట్టిన సిద్ధార్థ కాలేజీలో, ఉద్యోగం చేసుకుంట చదివేటోళ్ల కోసం పొద్దున్నే క్లాసులు నడిచినయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గర పుట్టింది, 1991లో దానికి అంబేడ్కర్ పేరొచ్చింది. అది పుస్తకం ఇంటికి పంపి చేతులు దులుపుకోలేదు, ఆదివారం కాంటాక్టు క్లాసులు పెట్టింది. మనిషి బతుకు చూసి చదువును మలిచిండ్రు వీళ్లంతా. నైటు డ్యూటీ చేసే మన చెల్లెకు ఆన్‌లైన్ చదువు అక్కరకొస్తది. అది వదులుకుంటే మురిసేదెవరు?

పాఠాలు రాసే కమిటీల్లో వాడనుంచి వచ్చిన టీచర్లుండాలె. వాళ్లకు ఈ విద్యను పూర్తిగా నేర్పాలె. పాఠం విడుదల చేసే ముందు వాడ పిల్లల ముందు నడిపి చూడాలె. అందాకా కార్యకర్తలు ఒక పని చేయండి. మీ వాడలో ముగ్గురు పిల్లలను కూసోబెట్టి ఒక ఆన్‌లైన్ పాఠం పెట్టండి. ఎక్కడ దిక్కులు చూసిండ్రు, ఏ మాట అర్థం కాలేదు, నెట్టు ఎంత కాలింది, అన్నీ నోటుబుక్కుల రాయండి. ఒక కాపీ మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి, ఒకటి మాకు పంపండి.